ముక్కు కొలిచే పటకారూ, మా అన్నయ్యా

ఎవరినీ ఒక్క మాట తూలకుండా, ఎవరి గట్టూ తొక్కకుండా, ఒకే ఒక్క సాయంత్రంలో ఊరు ఊరంతటికీ శత్రువైపోవడం ఎలాగో మీకు తెలుసా? నాకు తెలుసు. కావలసిన సరంజామా చెప్తాను, రాసుకోండి. ఒక మడత కొలకర్ర, ముక్కూ తలా కొలిచే ఇనప పటకార్లు, ఒక రంగుల అట్ట, ఒక టేప్‌రికార్డరు, పెళ్ళికాని ఒక అన్నయ్య. మొదటి నాలుగూ మా యూనివర్సిటీవాళ్ళు సంతకం పెట్టించుకుని ఇచ్చారు. ఐదోదాన్ని మా నాన్న బలవంతాన అంటగట్టాడు. ఊరి పేరు మాత్రం చెప్పను. అవనిగడ్డ దాటాక, సముద్రం ఇంకా కనపడకముందు, దివిసీమలో ఎక్కడో ఉందనుకోండి. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది.

ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడే రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. గుడివాడ నుంచి విశాఖపట్నం వెళ్ళి మానవశాస్త్రంలో ఎమ్మే వెలగబెడుతున్నాను. బడిపంతులైన మా నాన్నకి ఆ చదువు మీద మొదటినుంచీ అనుమానమే.

"అసలు మానవశాస్త్రం అంటే ఏంటే సువర్ణా?"

"మనిషిని గురించిన శాస్త్రం నాన్నా."

"దానికి విశాఖపట్నం దాకా ఎందుకు? మన బస్టాండులో ఓ పూట కూర్చుంటే సరిపోదూ?"

అలా అన్నవాళ్ళని నేను వదిలిపెట్టేదాన్ని కాదు. నిలబెట్టి మరీ నాలుగు శాఖలూ అప్పజెప్పేదాన్ని. మనిషి ఒంటిని కొలిచి, రకరకాల మనుషులు రకరకాలుగా ఎందుకున్నారో చెప్పేది భౌతిక మానవశాస్త్రం. బంధుత్వాలు, పెళ్ళిళ్ళు, కట్టుబాట్లు చూసేది సాంఘిక, సాంస్కృతిక మానవశాస్త్రం. పోయినవాళ్ళు వదిలేసిన కుండపెంకులూ గిన్నెలూ చూసి వాళ్ళెలా బతికారో పట్టుకునేది పురాతత్వ శాఖ. మనిషి మాటలో మనిషి బతుకుని వినేది భాషా మానవశాస్త్రం. ఈ నాలుగూ కలిస్తేనే మనిషి పూర్తిగా అర్థమవుతాడని మా ప్రొఫెసరుగారు చెప్పేవారు. నేను గుడివాడ నుంచి చల్లపల్లి వెళ్ళే బస్సులో కండక్టరుకి కూడా చెప్పాను. పాపం, ఆయన చిల్లర ఇవ్వడం మర్చిపోయి దిగిపోయాడు.

రెండో ఏడు ఫీల్డువర్కు. దివిసీమలో ఒక ఊరెంచుకుని, పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపు ఉన్న పెళ్ళికాని అమ్మాయిలు ముప్పై మందిని కొలిచి, వాళ్ళ కుటుంబాల వంశవృక్షాలు గీసి తేవాలి. గడువు పన్నెండు రోజులు. మా నాన్న దానికో షరతు పెట్టాడు.

"రిపోర్టు పాసయ్యావా, నీ ఇష్టం వచ్చినంత చదువుకో. ఫెయిలయ్యావా, బందరులో బీఈడీ. ఫారం తెచ్చి బీరువాలో పెట్టాను. అన్నయ్యని తోడు తీసుకెళ్ళు."

ఆ ఫారం తలుచుకుంటే నాకు గుండె దడ వచ్చేది. బీఈడీ చెడ్డదని కాదు. నేను ఎంచుకున్నది నా చేతిలోంచి జారిపోతుందన్న భయం.

మా అన్నయ్య ప్రకాశరావు గురించి ఒక ముక్క. ఇరవై ఏడేళ్ళు. గుడ్లవల్లేరులో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. రోజుకి లెక్కపెట్టి పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు "ఊఁ". తెల్ల చొక్కా, పక్క పాపిడి, జేబులో పెన్ను. నా పెట్టె మోయడానికి వచ్చాడు, అంతే. కానీ బస్సు దిగి నా వెనకాల నడుస్తుంటే అచ్చం ఎలా ఉన్నాడో నాకు తప్ప ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది.

నాకెందుకు తెలియలేదంటారా? తప్పు మా ప్రొఫెసరుగారిది. బయల్దేరేముందు అందరికీ ఒక మాట చెప్పారు. "ఊళ్ళో అడుగు పెట్టకముందే మీకు తెలిసిందంతా బస్టాండులో వదిలేయండి. చూసిన ప్రతిదీ మొదటిసారి చూస్తున్నట్టు చూడండి." మిగతావాళ్ళు విని ఊరుకున్నారు. నేను అక్షరాలా పాటించాను. ఇరవై రెండేళ్ళుగా తెలుగునాట పుట్టి పెరిగి నేర్చుకున్నదంతా అవనిగడ్డ బస్టాండులో దించేసి, బుర్ర ఖాళీ చేసుకుని వెళ్ళాను.

మాకు బస పాస్టరుగారింట్లో. ఆయన భార్య పాస్టరమ్మగారు ఊరందరికీ పెద్ద దిక్కు. చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మజ్జిగ ఇచ్చి, "ఏ పని మీద వచ్చారు తల్లీ?" అని అడిగారు. నేను ఏం చెప్పానో ఈరోజుకీ మాట మాటా గుర్తుంది.

"పెళ్ళికాని అమ్మాయిలున్న ఇళ్ళు కావాలండీ. పద్దెనిమిది దాటి, పాతికలోపు. ముందు ఒక మంచి కుటుంబం చూపించండి."

పాస్టరమ్మగారు అన్నయ్య వైపు ఒకసారి చూశారు. అన్నయ్య మజ్జిగ గ్లాసులోకి చూశాడు.

"ఏమేం చూస్తారమ్మా?"

"ఎత్తు, రంగు చూస్తామండీ. కాసేపు మాట్లాడిస్తాం. పాట వస్తే పాడిస్తాం. తాతముత్తాతల వివరాలు, మేనరికాలు కనుక్కుంటాం."

"పెద్దవాళ్ళు తర్వాత వస్తారా?"

"మా ప్రొఫెసరుగారు వస్తారండీ. నేను చూసింది సరిగా ఉందో లేదో ఆయన మళ్ళీ చూస్తారు."

పాస్టరమ్మగారికి ప్రొఫెసరంటే మేనమామ అయి ఉంటాడని తోచిందట. తర్వాత చెప్పారు.

"అన్నయ్యగారేం చేస్తారు?"

"కాలేజీలో ఉద్యోగమండీ. పర్మనెంటే," అన్నాను, మమ్మల్ని ఎవరో రికామీగా తిరిగేవాళ్ళనుకుంటారేమోనని.

"అర్థమైంది తల్లీ. ఇంక నువ్వేం దిగులు పెట్టుకోకు. అంతా నేను చూసుకుంటాను."

చూసుకున్నారు. మర్నాడు సాయంత్రం సంఘపెద్ద యోహానుగారింటికి తీసుకెళ్ళారు. ఇంటి ముందు కొత్తగా సున్నం. చుట్టుపక్కల ఇళ్ళనుంచి తెచ్చిన కుర్చీలు, ఒక్కటీ ఇంకోదానితో కలవదు. బల్లమీద అరటికాయ బజ్జీలు, మినపసున్నుండలు. కిటికీలకి పక్కింటాళ్ళు వేలాడుతున్నారు. లోపలినుంచి పట్టుచీర కట్టుకుని, తలనిండా మల్లెపూలతో ఒకమ్మాయి కాఫీ కప్పుల పళ్ళెం పట్టుకొచ్చి, తలవంచుకుని చాపమీద కూర్చుంది. పేరు దీవెన. డిగ్రీ చదివి ఇంట్లోనే మిషను కుడుతోంది.

అమ్మా, అయ్యా, మీరింక చెప్పక్కర్లేదు. ఒకటో తరగతి పిల్లని అక్కడ నిలబెట్టినా అదేమిటో చెప్పేస్తుంది. మరి నేనేం చేశాను? గబగబా నోటుబుక్కు తీసి ఇలా రాసుకున్నాను. "ఈ గ్రామంలో అతిథులు వచ్చినప్పుడు ఇంటి ఆడపిల్ల పట్టుచీర ధరించి కాఫీ అందించే ఆసక్తికరమైన ఆచారం కలదు." ఆ 'కలదు' చూశారా? ఆ 'కలదు' నన్ను ఈరోజుకీ వెంటాడుతోంది.

భౌతిక శాఖతో మొదలుపెట్టాను. కొలకర్ర మడతలు విప్పి దీవెనని గోడ దగ్గర నిలబెట్టాను. తర్వాత తల పొడవు, తల వెడల్పు, ముక్కు. పటకారు బయటికి తీయగానే కిటికీ దగ్గర ఎవరో గుసగుసలాడారు.

"ముక్కు కూడా కొలుస్తారా?"

"గుడివాడ వాళ్ళు మరీ పక్కాగా ఉన్నారే!"

రంగుల అట్ట మోచేతి దగ్గర పెట్టి పోల్చి, "పద్దెనిమిది" అని పైకి చదివి రాసుకున్నాను. యోహానుగారు చేతులు నలుపుకున్నారు.

"పద్దెనిమిదంటే పర్లేదాండీ?"

"రంగులో మంచీ చెడూ ఏముందండీ? మా శాస్త్రంలో అన్ని రంగులూ ఒకటే," అన్నాను గర్వంగా.

ఆయన కళ్ళు చెమర్చాయి. "విన్నావటే!" అన్నారు భార్యతో. "ఎంత మంచి మనుషులో!"

ఆ అట్టని మా శాస్త్రమే తర్వాత అటకెక్కించింది. ఆ మాట మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. నేనన్న మంచిమాట ఆ సాయంత్రం మొత్తానికి అదొక్కటే.

తర్వాత భాషాశాఖ. టేప్‌రికార్డరు పెట్టి పాట పాడమన్నాను. దీవెన ఒక కీర్తన పాడింది. గొంతు ఎంత బాగుందంటే అన్నయ్య చేతిలో బజ్జీ చేతిలోనే ఆగిపోయింది. క్యాసెట్టు చుట్టుకుపోవడంతో "ఇంకొక్కసారి పాడతారా?" అన్నాను. ఇల్లంతా కళకళలాడిపోయింది. మళ్ళీ పాడించుకున్నారంటే మాటలా!

పురాతత్వానికి వచ్చాను. "మీ పొలం ఎక్కడండీ? తవ్వినప్పుడు పాతవేమైనా బయటపడ్డాయా?"

యోహానుగారు 'పొలం' దగ్గరే ఆగారు. "మూడెకరాల ఇరవై సెంట్లండీ. కాలవ పక్కనే. తగాదాలేం లేవు."

ఇంక మిగిలింది సాంఘిక శాఖ. పెద్ద కాగితం పరిచి వంశవృక్షం మొదలుపెట్టాను. మా పద్ధతిలో మగవాళ్ళకి త్రికోణం, ఆడవాళ్ళకి సున్నా, పెళ్ళయితే మధ్యలో లెక్కల్లో 'సమానం' గుర్తులా రెండు గీతలు. "మేనబావలు ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగాను.

"ఉన్నాడు గానీ," అంది దీవెన తల్లి గాభరాగా, "వాడికి కిందటేడే అయిపోయిందమ్మా. ఏ గొడవా లేదు."

అలా గంటన్నర. నాలుగు శాఖలూ ఒకే ఇంట్లో, ఒకే సాయంత్రం పూర్తి! ఏ ప్రొఫెసరు జీవితంలోనైనా ఇలాంటి ఫీల్డువర్కు జరిగిందా? ఆనందం పట్టలేక లేచి నిలబడి, ఇదిగో, ఈ మాటలన్నాను.

"చాలా సంతోషమండీ! మాకు కావలసింది అచ్చం ఇలాంటి అమ్మాయే!"

యోహానుగారు రెండు చేతులూ జోడించారు. పాస్టరమ్మగారు "ప్రార్థన చేసుకుందాం" అని తలమీద కొంగు కప్పుకున్నారు. నేనింకా ఆపలేదు.

"ఇంకా ఇరవై తొమ్మిది మందిని చూడాలండీ. రేపు ఆరుగురిని ఒకేచోట కూర్చోబెడితే తొందరగా అయిపోతుంది."

కిటికీలకి వేలాడుతున్నవాళ్ళు తలలు ఇంకాస్త లోపలికి పెట్టారు.

"ఇరవై తొమ్మిది మందా?" అన్నారు యోహానుగారు.

"మొత్తం ముప్పై అండీ. మీ అమ్మాయి ఒకటో నంబరు."

"మీ అన్నయ్యకి ముప్పై మందిని చూస్తారా?"

"మా అన్నయ్యకా? మా అన్నయ్యకి దీంతో ఏం సంబంధమండీ? వాడు పెట్టె మోయడానికి వచ్చాడు!"

అప్పుడు, సరిగ్గా అప్పుడు, అవనిగడ్డ బస్టాండులో వదిలేసిన తెలివితేటలన్నీ పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చేశాయి. పట్టుచీర చూశాను. సున్నుండలు చూశాను. కలవని కుర్చీలు చూశాను. ఏడో బజ్జీ పట్టుకుని ఎర్రబడిపోయిన అన్నయ్య మొహం చూశాను.

దీవెన లేచి లోపలికి వెళ్ళిపోయింది. యోహానుగారు గట్టిగా కేకలేసినా బాగుండేది. "పెళ్ళికావలసిన పిల్లని ఊరందరి ముందూ గేదెని కొలిచినట్టు కొలిచారు కదమ్మా," అన్నారు మెల్లగా. సిగ్గుతో చచ్చిపోయాను. కాళ్ళమీద పడి చెప్పినా వినేలా లేరు. పాస్టరమ్మగారు దారిపొడుగునా మాకన్నా పదడుగులు ముందే నడిచారు.

మర్నాటికి ఊళ్ళో ప్రతి తలుపూ మూతపడింది. మూడు రోజులు తిరిగాను. నన్ను చూడగానే తల్లులు కూతుళ్ళని కోళ్ళని గంప కింద మూసినట్టు లోపల మూసేసేవారు. "అదిగో ముక్కులమ్మాయి!" అని పిల్లలు వెంటపడేవారు. నా దగ్గరున్నది ఒకే ఒక్క కొలతల కార్డు, దీవెనది. బందరు బీఈడీ ఫారం బీరువాలోంచి నన్ను పేరుపెట్టి పిలుస్తున్నట్టే ఉంది. అన్నయ్య ఆ పది మాటలూ మానేశాడు.

"నీకు నామీద కోపమా?" అని అడిగాను.

"ఊఁహూఁ."

"మరి?"

"ఆ అమ్మాయి రెండోసారి ఇంకా బాగా పాడింది."

ఓరి దేవుడా, అనుకున్నాను. పెట్టె మోయడానికి వచ్చినవాడు ఇంకేదో మోసుకెళ్ళేలా ఉన్నాడు!

ఆరో రోజు పొద్దున్నే పాస్టరుగారి వరండాలోకి దీవెన వచ్చింది. పట్టుచీరా లేదు, పూలూ లేవు. మెడలో కుట్టుపని టేపు, చేతిలో కొలతలు రాసుకునే చీటీల పుస్తకం. నేను క్షమించమని మొదలుపెట్టేలోపే చెయ్యెత్తి ఆపింది.

"మీరు కొలకర్ర పట్టుకోవడం చూశాను. అలా కొలిస్తే జాకెట్టు భుజం దిగిపోతుంది. అది పక్కన పెట్టండి. ఆ రంగుల అట్టా, పటకారూ ఇలా ఇవ్వండి."

"దేనికండీ?"

"నన్ను ఊరందరి ముందూ కొలిచారుగా. ఇప్పుడు ఊరందరి ముందూ నేను కొలుస్తాను. ఆయన్ని."

అప్పటికే పాస్టరుగారి గేటు దగ్గర పాతికమంది పోగయ్యారు. దీవెనే పోగేసుకొచ్చింది. అన్నయ్యని వరండా స్తంభానికి ఆనించి నిలబెట్టింది.

"ఎత్తు, ఐదడుగుల ఏడు. వంగి నిలబడతారు, అర అంగుళం తీసేస్తున్నాను. ముక్కు... ఇది కొలవడానికి మీ పటకారు చాలదండీ."

గేటు దగ్గర నవ్వులు. యోహానుగారు కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు.

"రంగు?" అరిచారెవరో.

"పద్దెనిమిది," అంది అట్ట చూసి. "నా నంబరే."

"పాటో!" అన్నారు జనం.

మా అన్నయ్య! రోజుకి పది మాటల మనిషి! చర్చిలో కూడా పెదవులు కదిపి ఊరుకునేవాడు! అదే కీర్తన ఎత్తుకున్నాడండీ. రెండో చరణంలో శ్రుతి చాలా దూరం వెళ్ళిపోయింది, కానీ ఆపలేదు. దీవెన ముందు పెదవి కొరుక్కుంది, తర్వాత మొహం చీటీల పుస్తకం వెనక దాచుకుంది, తర్వాత ఫక్కున నవ్వేసింది. దాంతో ఊరంతా నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

"ఇంట్లో ఉన్న వస్తువుల్లో బాగా పాతది?" అడిగింది దీవెన, నా పద్ధతిలోనే.

"మా నాన్న సైకిలు," అన్నాడు అన్నయ్య. తర్వాత ఎవరూ అడక్కుండానే, "క్షమించండి. మా చెల్లెలికి చదువంటే పిచ్చి. చెడ్డది కాదు," అన్నాడు. ఆ రోజు కోటా అక్కడితో సరి.

దీవెన చీటీల పుస్తకం మూసి గేటు వైపు తిరిగింది. "చూశారుగా. వాళ్ళు నన్ను చూసి వెళ్ళిపోయారని ఎవరూ అనక్కర్లేదు. నేనే చూశాను. ఆలోచించుకుని చెప్తాను." తర్వాత నాతో, "మీ ముప్పై మందీ నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళేనండీ. రేపటినుంచి మా ఇంటికి రండి. కొలతలు నేను తీస్తాను, మీరు రాసుకోండి. ముందు ఒక్కొక్కళ్ళకీ అదేం చదువో, ఎందుకు కొలుస్తున్నారో అర్థమయ్యేలా చెప్పండి. ఒప్పుకున్నవాళ్ళనే కొలుద్దాం," అంది.

ఆ చివరి మాట మా ప్రొఫెసరుగారు రెండేళ్ళలో పది క్లాసుల్లో చెప్పారు. నాకు ఎక్కింది మాత్రం దీవెన మిషను పక్కన పీట మీద కూర్చున్నప్పుడే. ఆ వారమంతా ముప్పైసార్లు నాలుగు శాఖలూ చెప్పాను. చెప్పేకొద్దీ నాకే అర్థమైంది. అమ్మాయిలు నవ్వుతూ వచ్చారు, వాళ్ళ మామ్మలు పిలవకుండానే వచ్చి ఏడు తరాల బంధుత్వాలు చెప్పారు. ముప్పై కార్డులు! ముప్పై వంశవృక్షాలు! గడువుకి ఒక పూట ముందే!

బయల్దేరే రోజు దీవెన తన ఇంటి వంశవృక్షం ఒకసారి చూపించమంది. చూసి, పెన్సిలు అడిగి, తన సున్నా పక్కన రెండు గీతలు గీసింది. వాటి పక్కన ఒక త్రికోణం. నా వైపు తోసి, "పేరు మీరు రాస్తారా వదినా?" అంది.

నేను అరిచిన అరుపుకి యోహానుగారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

వైవాలో బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు నా ఫీల్డు డైరీ తిరగేసి, ఒకచోట ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "'అతిథులు వచ్చినప్పుడు ఇంటి ఆడపిల్ల పట్టుచీర ధరించి కాఫీ అందించే ఆసక్తికరమైన ఆచారం కలదు.' మీదే ఊరమ్మా?"

"గుడివాడ సార్."

"గుడివాడలో పెళ్ళిచూపులు ఉండవా?"

మా ప్రొఫెసరుగారు దగ్గు నటించారు. పరీక్షకుడు పేజీ తిప్పాడు. "ఈ ఒకటో నంబరు కుటుంబంలో త్రికోణం పక్కన 'చెల్లెలు, పరిశోధకురాలు' అని ఉంది. పరిశోధకురాలు వంశవృక్షంలోకి ఎందుకొచ్చింది?"

నేను సంచిలోంచి శుభలేఖ తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను. "వచ్చే శుక్రవారం సార్. భోజనాలు మా వదినావాళ్ళ ఊళ్ళోనే. తప్పకుండా రావాలి."

ఫస్టుక్లాసు వచ్చింది. మా నాన్న బీరువాలోంచి ఫారం తీసి, వెనకవైపు పెళ్ళి సామాను జాబితా రాసుకున్నాడు. ఆ ఊరంతా ఇప్పుడు మా చుట్టాలే. అందుకే పేరు చెప్పలేదు. చెప్తే రేపు ఫోన్లు మోగిపోతాయి. అన్నయ్య కొలతల చీటీ మా వదిన బైబిల్లో ఇప్పటికీ ఉంది. వాడు ఎదురు చెప్పినప్పుడల్లా తీసి, 'వంగి నిలబడతారు' అని పైకి చదువుతుంది.

కాబట్టి మానవశాస్త్రం నాలుగు శాఖల సాక్షిగా, ఆ ఇనప పటకారు మీద చెయ్యివేసి, మీ అందరి ముందూ నా పాత ప్రతిజ్ఞ మళ్ళీ చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊరికి ఫీల్డువర్కుకి వెళ్ళినా పెళ్ళికాని అన్నయ్యని వెంటబెట్టుకుని వెళ్ళను. ఈ ప్రతిజ్ఞని ఇన్నేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఉన్న ఒక్క అన్నయ్యా అయిపోయాడు మరి.